మూడు వేళ్ల మేర

నా భార్య ఆదిలక్ష్మిని చంపింది హిందూపురం సూదుల డాక్టరు దుర్గాప్రసాదు, అందులో రెండో మాట లేదు, నాలుగేళ్లయినా ఆ వైద్యం సంగతే ఎత్తుతున్నాడు ఆమె తమ్ముడు కుళ్ళాయప్ప, మగ్గం పక్కన కూర్చుని చెయ్యి చాచాడు, బావా, నిన్నట్నించి ఎదలో మంట, వాంతికొచ్చేట్టుండాది, అక్కకు నొక్కుతాంటివే ఆ పాయింటు, యాడ ఉండాదో చూపించు, చెమట పట్టిన చెయ్యి, బీడీ కంపు, నేను ముట్టుకోలేదు, ఏమబ్బా, పెండ్లాం చెయ్యయితేనే పట్టుకుంటావా అని నవ్వుతున్నాడు, మణికట్టు మడత నుంచి మూడు వేళ్ల మేర పైకి, రెండు నరాల నడుమ, చైనావాళ్ల పాయింటు, గుండెకూ వాంతికీ అదొక్కటే చాలని దుర్గాప్రసాదు గోడమీది చుక్కల మనిషి బొమ్మకు బెత్తం ఆనించి చెప్పాడు, వాడిది నలభై రోజుల చదువు, దానికో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు, థూ.

ఎడమ చెయ్యి లాగుతోందని ఆదిలక్ష్మి అంటే నేను తలెత్తి చూడలేదు, ముప్పై ఏళ్లు కండెలు చుట్టింది, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో పట్టునూలు పట్టే ఆడవాళ్లలో ధర్మవరంలో ఎవరికి లాగదు, సూదులేయిస్తే పోతుందని హిందూపురం బస్సెక్కించాను, దారిలో కక్కింది, పుల్లటి నీళ్లు నా చొక్కా మీద పడ్డాయి, నాకు అసహ్యం వేసింది, ఆమె మీదే వేసింది, తుడుచుకుని బొటనవేలితో ఆ పాయింటు నొక్కుతూ కూర్చున్నాను, పెనుకొండలో బస్సు ఆగింది, ఈడ దిగుదాం, ఆసుపత్రి ఉండాది కదా, అంది, గమ్మునుండు, ఇంకో గంటలో మన డాక్టరే చూస్తాడు, అన్నాను, కండక్టరు కూడా దిగుతారా అని అడిగాడు, పోనీయప్పా అన్నాను, సోమందేపల్లి దాటేసరికి నా వేలి కింద చెయ్యి చల్లబడింది, నేనింకా నొక్కుతూనే ఉన్నాను.

ఆరోజు దుర్గాప్రసాదు ఆమెను చూడనే లేదు, సూది పెట్టనే లేదు, నాలుగేళ్లుగా ఊరంతా తిరిగి వాడి పేరు చెప్పిన నోరు నాది, బస్సును పోనిమ్మన్న నోరూ ఇదే, కుళ్ళాయప్ప చెయ్యి ఇంకా నా ముందే ఉంది, తోసేశాను, ఆసుపత్రికి పో, ఇప్పుడే లెయ్, పాయింటు చూపించవా బావా, చూపించను, అక్కకు పనిచేసిందా లేదా అదన్నా చెప్పు, చెప్పను, నీకే కాదు, ఎవరికీ, ఇంకెప్పుడూ ఆ పాయింటు మాట ఎత్తను.