ఆరు పెట్టెలు, ఒకే అడ్రసు

రంగుల ఫ్యాక్టరీలో ఎనిమిదింటికి షిఫ్టు. ఏడున్నర దాటింది. గోడ మీది తెరలో ఆరు గదులకు ఆరు దీపాలు వెలగాలి, గాలి బాగుంటే పచ్చగా, గ్యాసు ఉంటే ఎర్రగా. వెలుగుతున్నది ఒకటే. అదీ పచ్చగా ఉంటూ ఉంటూ ఒక్కసారి ఎర్రగా మెరిసి మళ్ళీ పచ్చబడుతోంది.

కంప్యూటర్లు చూసే ఆమెను అందరూ తీగలక్క అంటారు. తీగలక్కకు కాలు ఒకచోట నిలవడం లేదు. కెమికల్సు కలిపే మూడో గది తలుపు దగ్గర ఆమె తమ్ముడి భార్య మాస్కు మెడకు వేలాడేసుకుని నిలబడింది, వెనక మిగతా పనివాళ్ళు.

"వదినా, గ్యాసు వాసన నీ పెట్టెలు పడతాయా, నన్నే పట్టమంటావా?"

"నోరు మూసుకుని బయటే ఉండు తల్లీ."

సూపర్‌వైజర్ గడియారం చూసుకున్నాడు. "ఒకటి వెలుగుతోందిగా! ఎర్రగా మెరిసేది లూజు కనెక్షను. పదండి లోపలికి."

"అది ఏ గదిదో చెప్పండి, పంపుతా."

అతను తెర దగ్గరికి వెళ్ళి ఆ దీపాన్ని వేలితో తట్టి చూశాడు.

గదికొకటిగా పెట్టిన, గ్యాసు పసిగట్టే ఆ పెట్టెల్లో నడిచేది లినక్సు అనే సాఫ్ట్‌వేరు. చవగ్గా కొన్నారు. కొన్నవాడు మూడో గదిలో నిలబడడు కదా! కరెంటు పోయి వచ్చినప్పుడల్లా వాటి నెట్‌వర్క్ కార్డు కొత్త అడ్రసు పుట్టించుకునేది, తెర గుర్తుపట్టేది కాదు. నిన్న తీగలక్క ఒక పెట్టెలో ఫైలు రాసి అడ్రసును కదలకుండా కట్టేసింది. పనిచేసింది. ఆ సంబరంలో దాని మెమరీ కార్డునే మిగతా ఐదింటికీ కాపీ కొట్టేసింది.

ఇప్పుడు తట్టింది. అడ్రసు కూడా కాపీ అయింది! ఆరు పెట్టెలూ "ఒకటో గది నేనే" అంటూ ఒకదాని నోరు ఒకటి నొక్కుతున్నాయి.

"తప్పు నాదే," అంది గట్టిగా. "పావుగంట ఇవ్వండి. ఎవరూ అడుగు పెట్టొద్దు."

"పైవాళ్ళకి ఎవరు చెప్తారు? నువ్వా?"

"నేనే. ఫోనివ్వండి."

ఇవ్వలేదు. మరదలు స్టూలు లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చుంది. "కాళ్ళు నొప్పులు సార్."

తీగలక్క గదుల బయటి బోర్డులోని పెట్టెల తీగలకు ఒక్కొక్కటిగా ల్యాప్‌టాప్ తగిలించింది. రెండుసార్లు తప్పు కొట్టింది, తిట్టుకుంది, మళ్ళీ కొట్టింది. ఐదు ఫైళ్ళలో ఐదు వేరే అడ్రసులు, చివర గది నంబరు. తర్వాత పెట్టెల స్విచ్ దించింది.

"ఏయ్! ఉన్నదీ ఆర్పేశావేం?"

"కరెంటు పోయి వచ్చినా నిలవాలి. లేకపోతే అదేం అడ్రసు?"

స్విచ్ ఎత్తింది. ఒకటి, రెండు పచ్చ. నాలుగు, ఐదు, ఆరు పచ్చ. అందరికంటే ఆలస్యంగా మూడోది వచ్చింది.

ఎర్రగా వచ్చింది. ఇక పచ్చబడలేదు.

మరదలు అప్పటికే స్టూలు తన్నేసి, మిగతావాళ్ళను గేటు వైపు తోస్తూ పరుగెడుతోంది. తీగలక్క సైరను బటను మీద అరచేయి వేసి, తీయలేదు.