మోరీ కింద పైపు

కాలనీ నీళ్లు పరీక్షించడానికి వచ్చిన జీపు కాలనీలోకి రాలేదు. పెద్దవీధిలోనే ఆగింది. నీళ్లాఫీసరు దిగి, అక్కడి కొళాయి కింద సీసా నింపి, దాని మీద కాలనీ పేరు రాసుకున్నాడు. కూలీ సంఘం పని మీద కంబదూరు నుంచి వచ్చిన నేను అది కళ్లారా చూశాను. నా పక్కనే మారెక్క ఉంది. ఆమె కోడలు హేమలత వాంతులూ భేదులతో చనిపోయి వారం తిరగలేదు. కాలనీలో ఇంటింటా ఎవరో ఒకరు ఇంకా మంచం మీదే ఉన్నారు.

"ఏమప్పా, మా కొళాయి ఆ పక్క ఉండాది," అంది మారెక్క.

"అన్నీ ఒకే ట్యాంకు నీళ్లేలేమ్మా," అన్నాడు జీపు ముందు సీట్లోంచి సురేంద్ర. కాలనీకి పైపులు వేసిన కాంట్రాక్టరు అతనే.

నీళ్లు బాగున్నాయని ఫలితం వచ్చింది. కాలనీవాళ్లకు శుభ్రత లేదు, అందుకే రోగాలు అని ఊళ్లో మాట పుట్టింది.

నేను సంఘం తరఫున నర్సు కృపాకుమారిని పిలుచుకొచ్చాను. చర్చి ముందర జనం కూడారు. ఆమె సంచిలోంచి చిన్న సీసాలు తీసింది.

"వీటిలో మందుండాది. నీళ్లు పట్టి పెడితే, మలం కలిసిన నీళ్లయితే ఒకటి రెండు రోజుల్లో నల్లగయితాయి."

ఎవరూ ముందుకు రాలేదు.

"ఆ మందేందో మాకెట్ల తెల్సు?" అన్నాడు మారెక్క కొడుకు ఎర్రన్న. చనిపోయింది అతని భార్యే. "వాళ్లు బాగుండాయనిరి. నువ్వు సూద్దామంటాండావు. నువ్వెవరి మనిషివో."

"నన్ను నమ్మొద్దన్నా. మీరే పట్టండి. పెద్దవీధి నీళ్లు గూడా పట్టండి. అందరికీ కనపడేకాడ పెట్టి కాపలా కాయండి."

"కాపలా కాసేటోళ్లను ఎవురు కాస్తారు?" అంది భద్రమ్మ అనే ముసలామె.

ఎవరూ నవ్వలేదు. నిజమే అన్నారు. చివరికి ఇంటికొకరు చొప్పున వంతులేసుకుని కూర్చున్నారు. నన్నూ కృపాకుమారినీ సీసాల దరిదాపులకు రానివ్వలేదు. నాకు కోపం రాలేదు. మోసపోయిన జనం అలా ఉండడమే మంచిది.

రెండు రోజులైనా పెద్దవీధి సీసాలు మారలేదు. కాలనీ సీసాలన్నీ నల్లబడ్డాయి.

సురేంద్ర వచ్చి చూశాడు. "మీరే పేడ కలిపినారు."

"సరే, సీసాలు పారేస్తాం," అన్నాడు ఎర్రన్న. "పైపు తవ్వి సూద్దాం. అది నువ్వేసిందే గదా."

"సర్కారు రోడ్డు తవ్వితే కేసయితాది," అంటూ సురేంద్ర గబగబా పోయి మురుగు పారే మోరీ పక్కన నిలబడ్డాడు.

"ఆయప్ప నిలబడినాడే, ఆడనే తవ్వండి," అంది భద్రమ్మ.

మగవాళ్లు గడ్డపారలు దించారు. ఆడవాళ్లు మట్టి ఎత్తారు. పైపు సరిగ్గా మోరీ అడుగున బయటపడింది. అతుకు విడిపోయిన చోట ఎప్పుడో సైకిలు ట్యూబు చుట్టారు. అదీ చీలిపోయి ఉంది.

ఎర్రన్న వంగి ఆ చీలికలో వేలు పెట్టి చూశాడు. "కొళాయి నిలిపినప్పుడు ఇది మోరీ నీళ్లు తాగుతాది," అన్నాడు. "ఇడిసినప్పుడు మనం తాగుతాం. నా పెండ్లాం తాగింది ఇదే."

పోలీసులు వచ్చారు. వెనకాలే గుంత పూడ్చడానికి జేసీబీ వచ్చింది. ఎస్సై ఎర్రన్న రెక్క పట్టుకుని జీపెక్కించాడు.

"గుంత పూడ్చనీయొద్దండి," అన్నాడు ఎర్రన్న జీపులోంచి.

మారెక్క చీర ఎగ్గట్టి గుంతలోని మురికినీళ్లలోకి దిగి, పైపు పక్కన కూర్చుంది. భద్రమ్మ దిగింది. ఆ తర్వాత ఎవరు దిగారో లెక్క తెలియలేదు. గుంత మనుషులతో నిండిపోయింది.

అప్పుడు పెద్దవీధి రైతు బసప్ప వచ్చాడు. అతన్నీ అనుమానంగానే చూశాం.

"మా వీధి పైపు గూడా ఆ సురేంద్రే ఏసినాడు," అన్నాడు బసప్ప. "ఈ పొద్దు బాగుండాది. రేపటి సంగతేందో. మేమూ తవ్వి సూడాల."

మారెక్క అతని ముఖంలోకి నిదానంగా చూసి, గడ్డపార పైకి అందించింది.

"తీస్కపో. తవ్వేది అందరికీ కనపడేట్ల తవ్వండి. నా కొడుకు వచ్చేదాకా, ఆ నీళ్లాఫీసరు ఈ గుంతలోకి దిగి సూసేదాకా, మేం ఈడ నుంచి లెయ్యం."