ముక్కులో మందు, నోట్లో మాట

మూడేళ్లలో నాలుగు రకాల మాత్రలు మింగాను. ఒకదానికి నోరు పిడచకట్టుకుపోయేది, ఒకదానికి తొమ్మిది కిలోలు పెరిగాను, ఇంకోదానికి చేతిలో టీ గ్లాసు వణికేది. డిప్రెషన్ మాత్రం ఉన్నచోటనే ఉంది. చివరికి విజయవాడలో డాక్టర్ సంయుక్త గారు ముక్కులో కొట్టే మందు మొదలుపెట్టారు. కొట్టాక రెండు గంటలు అక్కడే కూర్చోబెట్టి, బీపీ చూసి, తల తిరగడం తగ్గాకే పంపిస్తారు. మర్నాటిదాకా నేను బండి నడపకూడదు కాబట్టి మా ఆయన బ్రహ్మయ్య గారే కారు తీస్తారు.

మూడో వారంలో ఒక పొద్దున తల దువ్వుకోవాలనిపించింది. ఆ సంతోషానికి ఎంత ఏడ్చానో!

మా ఊరు జగ్గయ్యపేటకి తిరిగి వస్తూ ప్రతిసారీ నందిగామలో మా ఆడపడుచు నాగశ్రీ వదిన ఇంట్లో భోజనం. ఆ వారమే ఒకరోజు ఆవిడ పప్పుచారు పోసి, "ఎలా ఉంది కమలా?" అంది. ఇరవై రెండేళ్లుగా బాగుందన్న నోటితోనే, "కుడితిలా ఉంది వదినా" అనేశాను.

మా ఆయనకు పొలమారింది. "మందు ప్రభావం అక్కా, ఏమనుకోకు" అన్నారు.

మందు ఆసుపత్రిలోనే దిగిపోయిందని నాకొక్కదానికే తెలుసు. ఇంకేం, నాకు పండగే. నా కుట్టుమిషన్ మీద మరిది పెట్టిన ఎరువు బస్తాలు తీయించాను. మా ఆయన గురక గురించి చుట్టాలందరిముందూ చెప్పాను. అందరూ నా మీద జాలిపడ్డారు.

రెండో నెలలో ఆయన డాక్టరు గారితో, "మందు ఆపెయ్యండి మేడం. ఇంటికొచ్చాక కూడా దిగట్లేదు. ఏదిబడితే అది అనేస్తోంది" అన్నారు.

"అంతసేపు ఉంటే ప్రమాదమే. ఆపాల్సిందే" అంటూ ఆవిడ కలం తీశారు.

ఆపితే మళ్లీ పొద్దంతా మంచం మీద పడి గోడకేసి చూడటమే. నిజం చెబితే నా మాటలకిక సాకుండదు.

"ఆపకండి డాక్టరుగారూ. తల తిరగడం ఇక్కడే తగ్గిపోతోంది. ఆ మాటలు మందువి కావు, నావే."

ఆయన నావైపు తిరిగారు. "పప్పుచారు కూడానా?"

"అదీ నాదే."

"అయితే ఆపకండి మేడం" అన్నారాయన.

కారు నందిగామ చేరబోతుంటే మెల్లగా అన్నారు. "ఆ చారు నాకూ సయించదు. అక్కకి మాత్రం ఇంకా మందేనని చెప్పి, ఈసారి కూడా నువ్వే అనెయ్యి."

"మీ మాట మీరే చెప్పుకోండి. నేను మందు మీద నెట్టడం ఇవాళ్టితో మానేశా."