బూడిదలో దాచిన గింజలు

సుప్రజ మళ్ళీ నెల తప్పిందని అల్వాల్ డాక్టరమ్మ చెప్పిన మర్నాడే, మామగారు జానకిరామయ్య పెరట్లో గొయ్యి తవ్వి మూడు గింజలు నాటాడు. శామీర్‌పేట దారిలో వాళ్ళు ఇల్లు కట్టుకుని అప్పటికి రెండేళ్ళు. మొలకలు లేచాక, లాల్‌గడి మలక్‌పేట నుంచి పాలు తెచ్చే లక్ష్మమ్మ గుర్తుపట్టింది.

"గివి బొప్పాయి మొక్కలు గాదా సారూ? కడుపుతోనున్న పిల్ల ఇంట్ల గివెందుకు వెట్టినవ్?"

ఆ మాట సుప్రజ చెవిన పడింది. పోయినేడు మేడ్చల్ అంగడి నుంచి పండు తెచ్చి, కోసి, ముక్క ఆమె చేతిలో పెట్టింది ఈ మామగారే. కడుపుతో ఉన్నట్టు అప్పటికి ఆమెకే తెలియదు. వారం తిరక్కుండా కడుపు పోయింది. పండు వల్ల కాదని డాక్టరమ్మ ఎంత చెప్పినా ఏం లాభం? కుండకు మూకుడు పెట్టొచ్చు గాని లోకం నోటికి పెట్టలేం కదా. అందరికంటే ముందు సుప్రజే తనను దోషిని చేసుకుంది.

"మతి పోయిందా మీకు? పుండు మీద కారం చల్లుతారా?" అని అత్తగారు బాలాత్రిపురసుందరి విరుచుకుపడింది.

"వాటి జోలికి రాకండి," అని ఆయన నీళ్ళ చెంబు అందుకున్నాడు. అంత మెత్తని మనిషికి ఇంత మొండితనం ఎక్కడిదో!

సుప్రజ పెరటి వైపు చూడటమే మానేసింది. ఈసారి బిడ్డ దక్కుతుందన్న మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. చిన్న చొక్కా గుడ్డ కొనడానికి కూడా ఆమెకు చెయ్యి రాలేదు. మొక్కలు మాత్రం ఏపుగా పెరిగి పూతకొచ్చాయి.

"గీ రెండు మొగచెట్లు, పీకెయ్యి సారూ. గిదొక్కటే ఆడది, సాలు," అంది లక్ష్మమ్మ.

సుప్రజకు తల్లి లేదు గనక పురుడు ఇక్కడే పోశారు. ఇల్లెగిరిపోయేలా ఏడుస్తూ ఆడపిల్ల పుట్టింది. కానీ నెల కావస్తున్నా బిడ్డకు పాలు చాలడం లేదు. ఒక మధ్యాహ్నం అత్తగారు కంచంలో తెల్లటి కూర వడ్డించింది.

"ఇదేంటి అత్తయ్యగారూ?"

"పచ్చి బొప్పాయి. బాలింతలకు పాలు పడతాయని మా అమ్మ వండేది. మీ మామయ్యగారే కోసుకొచ్చారు."

గుమ్మం అవతల నిలబడ్డ ఆయన గొంతు సవరించుకున్నాడు. "గింజ వేశాక కూరకు కాయ అందాలంటే ఎనిమిది నెలలమ్మా. డాక్టరమ్మ చెప్పిన రోజే వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాను."

"ముందే చెప్పొచ్చుగా?" అంది భార్య.

"పైకి చెబితే దిష్టి తగులుతుందని భయమేసిందే." సుప్రజ వైపు తిరిగాడు. "ఆ గింజలు పోయినేటి పండువేనమ్మా. పారెయ్యబుద్ధి కాక బూడిదలో ఆరబెట్టి దాచాను. తప్పు నీదీ కాదు, ఆ పండుదీ కాదు."

బిడ్డ అన్న మాట పలకడానికే అందరూ వణికిన రోజుల్లో, ఈ మనిషి ఆ బిడ్డ పాల కోసం విత్తనం పెట్టాడు. సుప్రజ కన్నీళ్ళు కంచంలో పడ్డాయి. తుడుచుకోకుండానే ముక్క నోట్లో పెట్టుకుంది.

"ఇంకాస్త వెయ్యండి అత్తయ్యగారూ," అంది.