కాల్చిన చెక్క

విజయేందర్ మా అపార్ట్‌మెంట్‌లో దిగి ఆరు నెలలైంది. నాకు కడుపుమంట మొదలై అయిదు నెలలైంది. మొదటి నెల అతను మంచివాడనే అనుకున్నాను.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లున్న సందులో మా అపార్ట్‌మెంట్. మాది రెండో అంతస్తు, అతనిది మూడు. ఆ సెంటర్లలోనే ఒకదాంట్లో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. నలభై లోపు వయసు. ఎవరు కనిపించినా నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నా పేరు చలపతిరావు. పంజాగుట్టలో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు బుల్లబ్బాయి. ఇద్దరిదీ తణుకే. మైత్రీవనం వెనకాల వాడికి జిరాక్స్ షాపుంది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి మా ఇంటికి వచ్చేవాడు. రెండు పెగ్గులు, మా ఆవిడ స్వరాజ్యం వేసే పకోడీలు, బోలెడన్ని తిట్లు. నేను పోసిన ఏ మందునీ వాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. "ఇది మందా, దగ్గు టానిక్కా?" అని మొహం మీదే అనేవాడు. పకోడీలో ఉప్పెక్కువైతే స్వరాజ్యాన్ని కూడా వదిలేవాడు కాదు.

ఇప్పుడు వాడు మా గుమ్మం ముందు నుంచే మెట్లెక్కి మూడో అంతస్తుకి పోతున్నాడు. కారణం బోర్బన్.

బోర్బన్ అంటే నాకు మొన్నటిదాకా బిస్కెట్టే. అది అమెరికావాళ్ళు మొక్కజొన్నతో చేసే విస్కీ అని బుల్లబ్బాయే చెప్పాడు. విజయేందర్ వైన్ షాపుకెళ్ళి ఉన్నవాటిల్లోకల్లా చవకది తెచ్చి, ఇంట్లోనే ఏదో చేసి, దాన్ని బంజారా హిల్స్ బార్లలో పోసే మందులా మార్చేస్తాడట. "గొంతులో జారిపోతుందిరా" అన్నాడు బుల్లబ్బాయి కళ్ళు మూసుకుని. ఇన్నేళ్ళలో మా ఇంట్లో ఒక్కసారైనా వాడలా కళ్ళు మూసుకోలేదు.

నాకు మందు మీద మోజేం లేదు. వాడు మళ్ళీ మా ఇంట్లో కూర్చోవాలి. అంతే.

ఓ రోజు లిఫ్టులో విజయేందర్ దొరికాడు. సిగ్గు చంపుకుని అడిగేశాను.

"దాంట్ల ఏముందన్నా? జర చెక్క కాల్చి ఏస్త. నాలుగు దినాలు మూత పెట్టి అటు దిక్కు సుత చూడ. తర్వాత గుడ్డల వడగడ్త. గంతే" అన్నాడు.

ఏమీ దాచకుండా చెప్పేశాడు. అదీ మండింది నాకు. దాచుకుని ఉంటే కనీసం తిట్టుకోవడానికి పనికొచ్చేవాడు.

ఇంటికొచ్చి ఫోన్‌లో వీడియోలు చూశాను. బోర్బన్‌ని లోపలివైపు కాల్చిన ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ళ తరబడి నిలవ పెడతారట. ఇంకేం, గుట్టు తెలిసిపోయింది. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి ఎర్రగడ్డలో ఫర్నిచర్ చేసేచోటికి వెళ్ళాను. ఓక్ కావాలంటే అక్కడి మేస్త్రీ లామినేట్ షీట్ల కేటలాగ్ తీసి అందులో ఓక్ రంగు చూపించాడు. రంగు కాదు, అసలు చెక్కే కావాలన్నాను. ఉన్నవాటిల్లో మంచిదని నాలుగు టేకు ముక్కలు సంచీలో వేసిచ్చాడు.

వాటిని గ్యాస్ పొయ్యి మీద కాలుస్తుంటే స్వరాజ్యం వచ్చి "ఏంటండీ ఈ హోమం?" అంది. నేను చెప్పలేదు. చవక బోర్బన్‌ని గాజు సీసాలో పోసి, ముక్కలు వేసి, మూత బిగించి బీరువాలో పెట్టాను. నాలుగు రోజులూ ఆఫీసులో అదే ధ్యాస. బుల్లబ్బాయి మా సోఫాలో కూర్చుని గుక్క మీద గుక్క వేస్తుంటాడు. పైన విజయేందర్ వాడి కోసం తలుపు తీసి పెట్టుకుని ఎదురుచూస్తుంటాడు. ఆ ఊహకే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం బుల్లబ్బాయిని మెట్ల దగ్గర కాపు కాసి పట్టుకున్నాను. "ఒక్క గ్లాసు తాగి పోరా" అని లోపలికి లాక్కొచ్చాను.

వాడు ఒక గుక్క వేశాడు. గోడ మీది కేలెండర్ వైపు చూశాడు.

"బావుందిరా" అన్నాడు.

నేను పొంగిపోయాను. "ఇంకొంచెం పొయ్యనా?"

"వద్దులే, చాలు. బావుంది."

అప్పుడు నా గ్లాసు నోట్లో పెట్టుకున్నాను. చేదు. కొత్త తలుపుని నాకినట్టుంది. మింగలేక సింకు దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసి వచ్చాను.

"ఇది బావుందా?" అన్నాను.

"బానే ఉంది కదరా" అన్నాడు నా వైపు చూడకుండా.

స్వరాజ్యం సీసా వాసన చూసి ముక్కు మూసుకుంది. "ఏం వేశారు ఇందులో?"

"చెక్క. విజయేందర్ చెప్పిందే."

ఆవిడ వంటింట్లోంచి మసాలా డబ్బా తెచ్చి, దాల్చిన చెక్క తీసి నా అరచేతిలో పెట్టింది. "చెక్కా లవంగాలూ అని చీటీ రాసిస్తే నెలనెలా తెచ్చేది మీరేగా! చెక్కంటే బల్ల చెక్కనుకున్నారా?"

ఇక బుల్లబ్బాయి నన్ను ఉతికి ఆరేస్తాడనుకున్నాను. ఆరేయాలనే కోరుకున్నాను. 'దద్దమ్మా, మంచం కోడు నానబెట్టి తాగిస్తావా' అని ఒక్క మాట అంటే చాలు, ఇన్ని నెలల మంటా చల్లారిపోయేది. వాడు నా భుజం తట్టాడు.

"పోన్లేరా. పాపం, చాలా శ్రమపడ్డావు."

పాపం అన్నాడు. పక్కింటావిడ కాలు బెణికితే అనే మాట.

"పద, పైకి పోదాం. అసలుది రుచి చూద్దువు గాని" అన్నాడు. వెళ్ళకూడదనే అనుకున్నాను. కానీ నేను వెళ్ళకపోతే వాడొక్కడే వెళ్తాడు.

విజయేందర్ తలుపు తీసి "రా అన్నా, ఇన్ని దినాలకు యాదికొచ్చినమా?" అంటూ సోఫా మీది పుస్తకాలు తీసి చోటిచ్చాడు. బుల్లబ్బాయి చెప్పులు విడిచి సరాసరి వంటింట్లోకి నడిచాడు. గ్లాసులు ఏ అరలో ఉంటాయో వాడికి తెలుసు.

"ఒరేయ్ విజ్జీ, ఈ గ్లాసులు కడిగి ఎన్నాళ్ళయిందిరా? ఛీ, ఏం బతుకురా నీది!" అని లోపల్నుంచి అరిచాడు.

విజయేందర్ నవ్వాడు. "గట్లనే తిడ్తడన్నా, ఎప్పుడొచ్చినా" అన్నాడు నాతో, నాకేమీ తెలియనట్టు.

బుల్లబ్బాయి మూడు గ్లాసులు నింపి తెచ్చి ఒకటి నా చేతికిచ్చాడు. నేను సోఫా అంచున కూర్చుని దాన్ని అలాగే పట్టుకున్నాను. వాడు బల్ల మీదున్న పకోడీల పళ్ళెం నా ముందుకి జరిపాడు.

"మొహమాటపడకు చలపతీ, మనిల్లే అనుకో" అన్నాడు.