గడప మీద చామంతులు

అక్టోబరు మొదటి ఆదివారం పూజ అయ్యాక చూస్తే చర్చి తలుపుకు ఒక కాగితం గుచ్చి ఉంది. ఈ ఏడాది చనిపోయిన మనవాళ్ల పేర్లు ఒడెట్‌కు ఇవ్వండి, నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగ నాడు ఫాదర్ చదువుతారు, అని రాసి ఉంది. ఒక్కో పేరు చదవగానే ఆ ఇంటివాళ్లెవరైనా ముందుకు వెళ్లి కొవ్వొత్తి వెలిగించాలట. నా ఫ్రెంచి అంతంతమాత్రమే అయినా ఆ నాలుగు ముక్కలు బాగానే అర్థమయ్యాయి. రెండుసార్లు చదివి, టోపీ పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఇవ్వవలసిన పేరు నా దగ్గర ఒకటుంది. నా భార్య సొలాంజ్ మే నెలలో పోయింది. ఆమె పుట్టిన ఈ బ్రెసాక్‌లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు.

నేను ఒహాయో వాణ్ణి. పేరు ఎల్డన్ హోక్. కుర్రతనంలో సైన్యంలో చేరి, ఇక్కడ ఫ్రాన్సులోనే షాతోరూ దగ్గర మా అమెరికా స్థావరంలో రెండేళ్లు ఉన్నాను. సొలాంజ్ అక్కడ బట్టలు ఇస్త్రీ చేసేది. పెళ్లి చేసుకుని మా ఊరు తీసుకెళ్లాను. ముప్పై నాలుగేళ్లు అక్కడే కాపురం చేశాం. ధాన్యం గిడ్డంగిలో నా ఉద్యోగం అయిపోయిన రోజున ఆమె, "ఇన్నేళ్లూ మీ ఊళ్లో ఉన్నాను కదా, ఇక మా ఊళ్లో ఉందాం" అంది. కాదనడానికి నాకు కారణం దొరకలేదు. పోయిన చలికాలంలో ఆమె తండ్రి ఇంటికి వచ్చి దిగాం.

ఏప్రిల్‌లో మా అక్క పెళ్లి యాభయ్యేళ్ల వేడుకకని ఒహాయో వెళ్లాం. అక్కడే మేలో ఒక ఉదయం కాఫీ పోస్తూ పోస్తూ కుర్చీలో కూర్చుంది. మళ్లీ లేవలేదు. మాకు పుట్టి పదకొండు రోజులే బతికిన పాప పక్కనే ఆమెను పెట్టాం. ఆ చోటు తనదేనని ఆమె ఎప్పుడో చెప్పింది. అక్క ఉండిపొమ్మంది. నేను మాత్రం తిరుగు విమానం ఎక్కాను. ఎందుకెక్కానో ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. ఆమె చెప్పులు ఇక్కడి వంటింటి తలుపు దగ్గర ఉన్నాయి. అదొక్కటే గుర్తుంది.

జూన్‌లో రొట్టెల దుకాణానికి వెళితే దుకాణం ఆమె యుగెట్, "మీ ఆవిడేరీ?" అని అడిగింది.

"అక్కడే ఉండిపోయింది" అన్నాను.

ఆ తరువాతి వాక్యం నోటికి రాలేదు. అన్నది అబద్ధం కాదు. నిజమని కూడా అనలేను. ఆ రోజు నుంచి సగం రొట్టె కొనడం మొదలుపెట్టాను. ఇక్కడ ఎవరు ఎంత రొట్టె పట్టుకెళ్తున్నారో ఊరంతా చూస్తుంది. సొలాంజ్ నన్ను వదిలేసిందని వారం తిరక్కుండానే తేల్చేశారు.

కాగితం చూసిన మర్నాడు అదే దుకాణంలో వరుసలో నిలబడ్డాను.

"సగమేనా, మస్యూ?" అంది యుగెట్.

"సగం చాలండీ."

వెనక నుంచి ఒడెట్ గొంతు వినిపించింది. ఆవిడ మా ఎదురింట్లోనే ఉంటుంది. చర్చి తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. సొలాంజూ ఆవిడా చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు.

"సగం సంసారానికి సగం రొట్టె! రెండో సగం అమెరికాలో షికార్లు కొడుతోందిగా."

వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఊరుకోవే ఒడెట్, ఆయన వింటున్నాడు" అంది వరుసలో ఒకామె.

"విననీ. మన మాటలు ఆయనకి తెలిసేడిస్తేగా! అది చిన్నప్పుడూ అంతే, ఆట మధ్యలో వదిలేసి పోయేది. ఇరవయ్యేళ్లకి మనల్ని వదిలేసింది, ముసలితనంలో మొగుణ్ణి వదిలేసింది. దానికి సిగ్గనేది ఉంటే కదా!"

ప్రతి మాటా తెలిసింది. వెనక్కి తిరిగి ఒక్క మాట చెబితే అయిపోయేది. రొట్టె తీసుకుని, తల వంచుకుని బయటికొచ్చాను.

ఆ రాత్రి మంచం పక్కన మోకరించాను. పోయినామె మీద నింద పడుతుంటే చూస్తూ ఊరుకున్న నేను ఎలాంటి భర్తను? చెప్పకుండా దాచిన మాట కూడా అబద్ధం కిందకే వస్తుందా ప్రభూ, అని అడిగాను. అడిగినవాడికి జవాబు ముందే తెలిస్తే ఆయన పలకడేమో.

తరువాతి మూడు ఆదివారాలూ ఆ కాగితం పక్క నుంచే నడిచాను. ఇక్కడ నోరు విప్పి చెప్పేస్తే ఆమె ఇక్కడ కూడా చనిపోయినట్టే. నా భయమల్లా అదే. నేను చెప్పనంత కాలం బ్రెసాక్‌లో ఆమె ఎక్కడో బతికే ఉంది, తిట్లు తింటూ అయినా.

పండుగ ఇంకో వారం ఉందనగా శనివారం సంతకు వెళ్లాను. సంతంతా చామంతులే. పసుపువి, ముదురు ఎరుపువి, ఇంత పెద్ద పెద్ద కుండీలలో. ఇక్కడ ఇదే నాకు మొదటి శరత్కాలం. మా ఒహాయోలో ఆకు రాలే రోజులు రాగానే ప్రతి ఇంటి గడప ముందూ చామంతులు పెడతారు. మా అమ్మ పెట్టేది. ఆ తరువాత సొలాంజ్ పెట్టేది. ఐదు నెలలలో మొదటిసారి మనసుకు కాస్త ఊరట కలిగింది. పసుపువి రెండు కుండీలు మోసుకొచ్చి మెట్ల మీద తలుపుకు అటొకటి ఇటొకటి పెట్టాను.

సోమవారం పొద్దున పోస్టుమన్ ఉత్తరాలిచ్చి, కుండీలు చూసి, టోపీ తీసి నిలబడ్డాడు. తరువాత ఎదురింటి వైపు వెళ్లాడు. పది నిమిషాలకు ఒడెట్ చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చింది.

"ఎవరండీ పోయింది?"

"ఏమన్నారు?"

"ఆ పూలు. మా దగ్గర చామంతులు సమాధుల తోటకే గాని ఇళ్లకి పెట్టరు. మీ ఇంట్లో ఎవరైనా పోయారా? మీ అక్కగారా?"

నవ్వేయవచ్చు. మా దేశంలో ఇది అలంకారమండీ, తెలియక పెట్టాను, అంటే ఆవిడా నవ్వేది. మధ్యాహ్నానికల్లా ఊరంతా నవ్వుకుని ఊరుకునేది. ఆ వాక్యం ఫ్రెంచిలో చెప్పడం కూడా నాకు వచ్చు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"సొలాంజ్" అన్నాను.

ఒడెట్ నా ముఖంలోకి చూసింది.

"సొలాంజ్ పోయింది. మేలో. కాఫీ పోస్తూ. అక్కడే పెట్టేశాం, మా పాప పక్కన."

"మేలోనా?" గొంతు పెద్దదైంది. "మే నుంచి నోరు మూసుకున్నావా? ఇన్నాళ్లూ రొట్టెల కొట్లో నేను దాన్ని నానా మాటలూ అంటుంటే విని కూడా ఊరుకున్నావా? రాయివా, మనిషివా నువ్వు?"

అంతవరకూ నన్ను మీరు అనే అనేది.

"చేతకాలేదు" అన్నాను.

ఆవిడ మెట్టు మీద కూలబడింది. "చచ్చిపోయినదాన్ని తిట్టాను. నా బల్ల మీద కూర్చున్నదాన్ని తిట్టాను" అని తనలో తాను అనుకుంటూ కళ్లు వత్తుకుంది. తరువాత లేచి ఇంటికి వెళ్లి ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చింది.

"రాయి. నీ చేత్తోనే రాయి."

"ఆమెను పెట్టింది ఇక్కడ కాదు కదా. ఫాదర్ ఒప్పుకుంటారా?"

"దానికి జ్ఞానస్నానం అయింది ఈ చర్చిలోనే. కాదన్నవాణ్ణి నేను చూసుకుంటాలే, నువ్వు రాయి."

అందులో అప్పటికే ఆరు పేర్లున్నాయి. ఏడో వరుసలో రాశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

పండుగ నాడు ఫాదర్ ఒక్కో పేరు చదువుతుంటే ఒక్కొక్కరు లేచి వెళ్లారు. నా వంతు వచ్చింది. "సొలాంజ్ వెర్నాడ్" అన్నారాయన. ఆమె పుట్టింటి పేరును ఒడెట్ చేర్చింది కాబోలు. నేనెరగని, ఆట మధ్యలో వదిలేసి పోయే చిన్నపిల్లను పిలిచినట్టనిపించింది. కొవ్వొత్తి మొదటిసారి అంటుకోలేదు. రెండోసారి అంటుకుంది. తిరిగి వస్తుంటే యుగెట్ తల దించుకుంది.

పూజ అయ్యాక ఒడెట్ ఒక కుండీ, నేనొక కుండీ పట్టుకుని సమాధుల తోటకు నడిచి సొలాంజ్ తల్లిదండ్రుల రాతి మీద పెట్టాం. ఆవిడ భోజనానికి పిలిచింది. ఇంకోసారి వస్తానన్నాను. బలవంతపెట్టలేదు.

ఇంటికి వస్తే మెట్ల మీద కుండీలున్నచోట రెండు గుండ్రటి తడి మచ్చలు కనిపించాయి. తలుపు తీయకుండా అక్కడే నిలబడ్డాను.

ఒహాయోలో సొలాంజ్ మొదటి శరత్కాలం గుర్తొచ్చింది. అమ్మ గడపలో పెట్టిన చామంతుల కుండీలు సాయంత్రానికి కొట్టం వెనక కనిపించాయి. సొలాంజే మార్చింది. అమ్మ ముఖం ముడుచుకుంది. నేను నవ్వుతూ, "వీటికి ఎండ కావాలే పిచ్చిదానా" అని మళ్లీ తెచ్చి గడపలో పెట్టాను. ఆమె ఏమీ అనలేదు. మరుసటి ఏడు నుంచి తనే పెట్టడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్లు సమాధి పూల మధ్య నుంచి ఇంట్లోకి నడిచింది, సంచీలతో, సరుకులతో, ఒక ఏడు పాపను పూడ్చి వచ్చి కూడా.

ఎందుకు చెప్పలేదు సొలాంజ్, అని అడగాలనిపించింది. జూన్‌లో యుగెట్ ముందు నాకు ఎందుకు మాట రాలేదో, ఆమెకూ అందుకే వచ్చి ఉండదు.

బకెట్టుతో నీళ్లు తెచ్చి, మచ్చలు పోయేదాకా మెట్లు కడిగాను.