గైరుహాజరు రాయి

బన్సీలాల్‌పేటలో పాలవాళ్లు తిరగకముందే షంషీర్ ఉస్తాద్ కుస్తీ నేర్పే తాలీంఖానా తలుపు తెరుచుకునేది. పడుచువాళ్లు గోదాలో మట్టి తవ్వి, తడిపి, దాని మీద దండాలు, బైఠకులు తీసేవాళ్లు. గోడవారగా భుజాల మీద తిప్పే బరువు కర్రలు, ముగ్దర్లు, నిలబెట్టి ఉండేవి. మూలన ఒక గుండురాయి ఉండేది. ఎవరైనా చెప్పకుండా మానేస్తే, తెల్లారేసరికి ఆ రాయి వాళ్ల గడపలోకి వచ్చి కూర్చునేది. మానినవాడే దాన్ని మళ్లీ తెచ్చి మూలన పెట్టాలి. బలమున్నవాడు భుజాన వేసుకొచ్చేవాడు, లేనివాడు దొర్లించుకొచ్చేవాడు. గడపలో రాయి కనబడితే ఆడవాళ్లు చుట్టానికి ఇచ్చినట్టు చెంబెడు నీళ్లు పోసి, దాని పక్కనుంచే ముగ్గు వేసుకునేవాళ్లు.

మధుసూదన్ అక్కడ చేరింది నలభై ఎనిమిది ఎండాకాలంలో. స్టేషన్ పార్సెల్ ఆఫీసులో చీటీలు రాసే గుమాస్తా. ఇరవై ఆరేళ్లొచ్చినా ఏ పనీ కొసదాకా చేసినవాడు కాదు. టైపు నేర్చుకుంటానని పోయి నెలకే మానేశాడు. మోజుపడి తెచ్చుకున్న హార్మోనియం మీద ఇప్పుడు అక్క పుష్పమ్మ వడియాల చాట పెడుతోంది.

"ఇది ఎన్ని దినాలు, తమ్మీ?" అని అడిగింది అక్క.

"ఇది మాత్రం మాననక్కా."

"హార్మోనియం అప్పుడు సుత గట్లనే అన్నవు."

ఈసారి మానేస్తే తన మాట మీద తనకే నమ్మకం పోతుందని అతని దిగులు. కానీ మొదటిరోజు అందరూ చొక్కాలు విప్పుతుంటే చేతులు గుండీల దగ్గరే ఆగిపోయాయి. చివరికి బనియనుతోనే గోదాలో దిగాడు. ప్రతి కన్నూ తన పక్కటెముకలనే లెక్కపెడుతున్నట్టు అనిపించింది. నిజానికి ఎవరి దండాలు వాళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. ఐదో దండానికి మొహం మట్టిలో పడింది. రైలింజనులో బొగ్గు వేసే జకర్యా రెక్క పట్టి లేపాడు.

"ముక్కుతోని దున్నుతున్నవా, భాయ్?"

అందరితో పాటు ఉస్తాద్ కూడా నవ్వాడు. మర్నాడు మధు దుప్పటి ముసుగు తియ్యలేదు. ఆ మర్నాడు అక్క వచ్చి లేపింది.

"లే తమ్మీ. నీ కోసం వచ్చింది. నీళ్లు సుత పోసిన."

రాయి గడపలో తడితడిగా మెరుస్తోంది. మధు దాన్ని రెండు చేతులా నెట్టుకుంటూ బజారు మధ్యనుంచి పోతుంటే చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని హోటలు బయటికొచ్చారు. "మలుపు కాడ ఎత్తుంటది, జెర పైలం," అని ఒక పెద్దాయన హెచ్చరించాడు. చేరేసరికి గంట పట్టింది. ఉస్తాద్ గోదా వైపు చెయ్యి చూపించాడు. "వచ్చినవు గద. పార తీస్కో," అన్నాడు.

ఆ ఊరేగింపు మళ్లీ జరక్కూడదని మధు రోజూ పోయాడు. పట్టుదల అని అక్క నలుగురికీ చెప్పుకుంది గానీ, అది వట్టి సిగ్గే. శ్రావణానికి ఇరవై దండాలు తీశాడు. రాయి మోకాలిదాకా లేచింది. ఒకరోజు బనియను లేకుండానే గోదాలో దిగాడు, ఆ సంగతి ఇంటికొచ్చాక గాని గుర్తుకు రాలేదు.

సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది. ఐదురోజులు పేటంతా తలుపులు వేసుకుని, రేడియో ఉన్న ఇంటి వైపు చెవులు పెట్టి కూర్చుంది. అందరూ మానేశారు కనుక ఎవరింటికి పోవాలో రాయికీ తెలియలేదు. తర్వాత ఇండియా మిలటరీ దిగింది, జెండా మారింది, దుకాణాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తాలీంఖానా తెరుచుకోలేదు.

"ఉస్తాద్ బామ్మర్ది వలీ కరాచీ పోదామంటున్నడట," అని జకర్యా చెప్పాడు. "ఏమయితదో అని భయపడుతున్నరు, పాపం."

ఉస్తాదే వెళ్లిపోతే తను మానేసినట్టు కాదు గదా అనిపించింది మధుకి. ప్రాణం హాయిగా అయింది. అలా హాయి అనిపించినందుకు రాత్రి అన్నం సయించలేదు. తెల్లారగానే ఉస్తాద్ ఇంటికి నడిచాడు.

వాకిట్లో జట్కా నిలబడి ఉంది. గడపలో దారికడ్డంగా గుండురాయి కూర్చుంది. ముప్ఫై ఏళ్లలో ఆ గడపకు అది రావడం అదే మొదలు. వలీ చెమటలు కారుతూ నెడుతున్నాడు, అది కదలడం లేదు. లోపల ఉస్తాద్ ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. ఆయన భార్య ఖాసింబీ గిన్నెలన్నీ మూటగట్టి ఒళ్లో పెట్టుకుంది.

"మీరే ఎత్తి అవతల పెట్టొచ్చు గద, ఉస్తాద్," అన్నాడు మధు.

"నేను ముడితే తాలీంఖానాకే మొయ్యాలె, బేటా. ఆ తలుపు ఒక్కపారి చూస్తే ఇగ నేను పోలేను."

మధు చొక్కా విప్పి జట్కా కమ్మీకి తగిలించాడు.

"పదిహేను దినాల సంది నేను సుత మానేసిన. ఇది నా రాయి సుత."

వంగాడు. లోపలినుంచి ఉస్తాద్ గొంతు ఆగలేక వచ్చింది. "మోకాళ్లు వంచు, నడుము గాదు. ఊపిరి పట్టు."

రాయి మోకాలికి లేచింది. తొడ మీద ఒక్క క్షణం ఆగి, రొమ్ముకెక్కి, భుజానికి చేరింది. మధు నడిచాడు. పది అడుగులేశాక పంచె ముడి వదులైంది. రెండు చేతులూ రాయి మీదున్నాయి. వీధిలో అందరూ చూస్తున్నారు. ఇక జారిపోతుందనగా వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ముడి పట్టుకుంది.

"నడువు. నేను పట్టుకున్న," అన్నాడు ఉస్తాద్.

"బావా, రైలు!" అని వలీ కేకేశాడు.

"జెర ఆగు. వీని అడుగు తప్పుతున్నది. దించినంక వస్త."

బజారంతా అలాగే దాటారు, ముందు రాయి, వెనక పంచె ముడి పట్టుకుని ఉస్తాద్. ఆయన నడుముకున్న తాళంచెవితో తలుపు తెరిచాడు. మధు రాయిని మూలన దించి, పంచె బిగించుకుని, గోడకానుకున్నాడు. ఉస్తాద్ గోదా అంచున నిలబడ్డాడు. మట్టి ఎండి నెర్రెలిచ్చింది. కాలి బొటనవేలితో ఒక గడ్డ చిదిమి చూశాడు.

"నీళ్లు చాలవు దీనికి. మజ్జిగ పొయ్యాలె. పోయి మీ అమ్మీనడుగు."

మధు పరుగున ఉస్తాద్ ఇంటికి పోయి మజ్జిగ అడిగాడు.

"ఎంత గావాలె?" అంది ఖాసింబీ.

"గోదా మొత్తానికట."

ఖాసింబీ జట్కా వైపు చూసింది, వలీ వైపు చూసింది. తర్వాత ఒళ్లోని మూట విప్పి, అన్నిటికన్నా పెద్ద గిన్నె బయటికి తీసింది.